యుద్ధం నుంచి పారిపోయొచ్చిన అమ్మలు, పిల్లలు: వాళ్ల మనసు కుదుటపడాలంటే మనమేం చేయాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల రోహింగ్యా బస్తీలకి కొత్తగా వచ్చే వాలంటీర్లు, భద్రాచలం వైపు గుత్తికోయ (ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయొచ్చిన ఆదివాసీలు) గూడేలకి వెళ్లేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే ఉంటాయి, ఒక్కొక్కరికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ ఇంక అన్నీ ఒకచోట రాసేద్దాం అనిపించింది. నేను డాక్టర్‌ని కాదు, సైకాలజిస్ట్‌ని కూడా కాదు. కొన్నేళ్లుగా ఆదివారాలు వెళ్తున్నా, ట్రైనింగ్ తీసుకున్నా, దొరికింది చదివా, తప్పులూ చేశా. ఆ తప్పులు మీరు చేయకూడదనే ఇదంతా.

అసలు ఈ కుటుంబాలు ఎక్కడివి? ఏం జరిగింది వీళ్లకి?

మయన్మార్‌లో రఖైన్ రాష్ట్రం, పాత పేరు అరకాన్. అక్కడి రోహింగ్యా ముస్లింలకి 1982 పౌరసత్వ చట్టంతో పౌరసత్వమే లేకుండా పోయింది. 2012 జూన్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి గొడవలు జరిగి ఊళ్లకి ఊళ్లు కాలిపోయాయి. ఆ తర్వాత 2017 ఆగస్టు 25 నుంచి సైన్యం దిగింది, కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ వచ్చేశారు, అక్కడ కాక్స్‌బజార్ దగ్గర కుటుపలాంగ్ ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి క్యాంప్ అయిపోయింది. ఇళ్లు తగలబెట్టడం, కాల్పులు, ఆడవాళ్ల మీద సామూహిక అత్యాచారాలు ఇవన్నీ ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018 రిపోర్టులో రికార్డు చేసినవే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లలో చాలామంది 2012 తర్వాత వచ్చినవాళ్లు. కొందరి దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు ఉంటుంది, కానీ మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కార్డు ఉన్నా భయం పోదు. ఎప్పుడు పట్టుకుపోతారో, ఎప్పుడు వెనక్కి పంపేస్తారో అనే భయం. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "అయిపోయిన దాన్ని మర్చిపో" అని మనం చెప్పే ప్రతి మాటా అక్కడ తప్పు. వాళ్లకి అదింకా అయిపోలేదు.

ఇంకోటి. మనకీ ఈ దారి కొత్తది కాదు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు అక్కడ పనిచేసే తెలుగు కూలీలు, కళాసీలు వేలకి వేలు నడుచుకుంటూ బయల్దేరారు, బర్మాలో వాళ్లని కోరంగీలు అనేవాళ్లు. కొందరు మణిపూర్ వైపు, కొందరు ఇదే అరకాన్ కొండలు దాటి అక్యాబ్ నుంచి చిట్టగాంగ్ వైపు. దారిలో కలరాతో, ఆకలితో ఎంతమంది పోయారో. మా నాయనమ్మ అలా వచ్చిన మనిషే, విశాఖలో బర్మా క్యాంప్ అంటే ఇప్పటికీ తెలుసు కదా, మావాళ్లు ఆ చుట్టుపక్కలే. ఆవిడ ఆ నడక గురించి ఎప్పుడూ చెప్పలేదు. కానీ చనిపోయేదాకా తలగడ కింద ఒక గుడ్డమూట ఉండేది, అందులో గుప్పెడు అటుకులు, కొంచెం బెల్లం, ఒక అగ్గిపెట్టె. అటుకులు పాతబడితే మార్చేది. బాలాపూర్‌లో ఒక ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న సంచీ చూసినప్పుడు, అందులో కార్డులు, పిల్లల బట్టలు, బిస్కెట్ ప్యాకెట్లు ఎప్పుడూ సర్ది ఉంచుతారని తెలిసినప్పుడు నాకు వేరే ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

మేం పిల్లల కోసం వచ్చాం. మీరు అమ్మలతో మొదలుపెట్టమంటారు, ఎందుకు?

ఎందుకంటే చిన్నపిల్లలు ప్రమాదాన్ని బయట చూసి కొలవరు, అమ్మ మొహంలో చూసి కొలుస్తారు. ఇది నేను చెప్పేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అని ఇద్దరు హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. బాంబుల మధ్య అమ్మ దగ్గరే ఉన్న పిల్లల కంటే, క్షేమంగా ఉండాలని అమ్మకి దూరంగా పంపేసిన పిల్లలే ఎక్కువ దెబ్బతిన్నారని వాళ్లు గమనించారు. అమ్మ నిబ్బరంగా ఉంటే బాంబు శబ్దానికి కూడా పిల్లలు తొందరగా సర్దుకున్నారట.

బోస్నియాలో ఇంకో పని జరిగింది, ఇదైతే నేను అందరికీ చెప్తూ ఉంటా. 1992-95 యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయి క్యాంపుల్లో ఉన్న 87 మంది తల్లుల్ని, వాళ్ల అయిదారేళ్ల పిల్లల్ని తీసుకుని రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకీ వైద్యం అందింది. ఒక గుంపులో అమ్మలకి మాత్రం అదనంగా అయిదు నెలల పాటు వారం వారం కూర్చుని మాట్లాడుకునే మీటింగ్‌లు పెట్టారు, పిల్లలతో ఎలా మాట్లాడాలి, ఎలా ఆడాలి, పిల్లల భయాలకి అర్థమేంటి ఇలాంటివి. పిల్లలకి విడిగా ఏ కౌన్సెలింగూ లేదు. అయిదు నెలల తర్వాత చూస్తే అమ్మల మనసు మెరుగైంది సరే, ఆ పిల్లలు బరువు కూడా రెండో గుంపు పిల్లల కంటే ఎక్కువ పెరిగారు! అమ్మతో మాట్లాడితే పిల్లాడికి ఒంటికి పట్టింది అన్నమాట. 2001లో అచ్చయిన స్టడీ అది.

అందుకే మా దగ్గర రంగుల పెన్సిళ్ల డబ్బా కంటే ముందు చాప బయటికి వస్తుంది. అమ్మలు కూర్చోవడానికి.

"అక్కడ ఏం జరిగింది" అని అడగొచ్చా? లోపలిది బయటికి చెప్పుకుంటే తేలికవుతుంది కదా?

అడక్కండి. నేను అడిగాను కాబట్టి చెప్తున్నా. వెళ్లడం మొదలుపెట్టిన రెండో వారం, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, చాలా ప్రేమగానే, ఒకావిడని "ఆపా (అక్కా), అక్కడ ఏమైంది?" అని అడిగా. ఆవిడ చెప్పింది. ఆపకుండా నలభై నిమిషాలు చెప్పింది, నేను ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చేశా. ఆ తర్వాత ఆవిడ మూడు రాత్రులు నిద్రపోలేదని, చంటిదాన్ని కూడా దగ్గరికి రానివ్వలేదని పక్కింటామె చెప్పింది. నెలరోజుల దాకా నన్ను చూస్తే తలుపు వేసేసుకునేది.

జరిగిన దారుణాన్ని ఒక్క సిట్టింగ్‌లో మొత్తం చెప్పించే పద్ధతి ఒకప్పుడు ఉండేది, అది పనిచేయదని, కొందరికి హాని కూడా చేస్తుందని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దని చెప్పేసింది. దాని బదులు 2011 నుంచి అందరికీ నేర్పేది మానసిక ప్రథమ చికిత్స, మూడే మాటలు: చూడు, విను, కలుపు. చూడు అంటే ఇప్పుడు ఈ మనిషికి ఏం కావాలి, నీళ్లా, మందా, పిల్లాడు తప్పిపోయాడా. విను అంటే చెప్పింది వినడం, తవ్వడం కాదు. కలుపు అంటే ఆస్పత్రితోనో, రేషన్‌తోనో, తప్పిపోయిన బంధువుతోనో కలపడం. గాయాన్ని విప్పి చూడటం దీర్ఘకాలం పక్కనే ఉండే ట్రైన్డ్ మనిషి పని, ఆదివారం వచ్చి వెళ్లిపోయే మన పని కాదు.

మరి వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలుపెడితే?

వినండి. మధ్యలో ఆపకండి, వివరాలు అడక్కండి, "నాకు అర్థమైంది" అనకండి, ఎందుకంటే అర్థం కాదు. అయ్యాక మెల్లిగా ఇవాళ్టిలోకి తీసుకురండి, టీ పెట్టమనండి, నీళ్లు తాగించండి, పక్కనెవరైనా ఉంటారా రాత్రికి అని కనుక్కోండి. మర్నాడు ఫోన్ చేయండి. ఆ మర్నాటి ఫోన్ చాలా ముఖ్యం.

వాళ్ల భాష రాదు మాకు. ఎలా?

రోహింగ్యా భాష చిట్టగాంగ్ యాసకి దగ్గర. ఇక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లకి దక్కనీ ఉర్దూ వచ్చేసింది, పిల్లలైతే సర్కారు బడికి వెళ్లేవాళ్లు తెలుగు కూడా గడగడా మాట్లాడేస్తారు. అయితే మనసు సంగతులు ఎవరికైనా సొంత భాషలోనే వస్తాయి. డిప్రెషన్, ట్రామా లాంటి మాటలు వాళ్లకి లేవు, "డిప్రెషన్ ఉందా" అని అడిగితే లేదనే అంటారు. వాళ్లు అనేది "ఒశాంతి లాగేర్", "చింతా లాగేర్" అని. విన్నారా? అశాంతి, చింత. మన మాటలే. మా నాయనమ్మ కూడా అవే అనేది. ఇంకా తలనొప్పి, ఒళ్లంతా మంట, గుండె దడ అంటారు, అది సాకు కాదు, ముందు ఒంటికి ఏ జబ్బూ లేదని చూపించుకుని ఆ తర్వాతే మనసు అనుకోవాలి.

ఒక్క రూల్ మాత్రం కచ్చితంగా పాటించండి. అమ్మ మాటల్ని పిల్లలతో తర్జుమా చేయించకండి. తొమ్మిదేళ్ల పిల్ల ఆస్పత్రిలో నిలబడి "మా అమ్మని వాళ్లు ఏం చేశారంటే" అని డాక్టర్‌కి తెలుగులో చెప్పాల్సి రావడం కంటే ఘోరం లేదు. బస్తీలోనే చదువుకున్న ఆడవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లకి డబ్బులిచ్చి ఆ పని అప్పజెప్పండి, ఫ్రీగా చేయించుకోకండి.

పిల్లల్లో ఏం గమనించాలి?

వయసుని బట్టి. అయిదేళ్లలోపు వాళ్లు వెనక్కి వెళ్తారు, అంటే మాటలొచ్చినవాడు మాట్లాడటం మానేస్తాడు, పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, అమ్మ బాత్రూమ్‌కి వెళ్లినా కొంగు వదలడు. బడికి వెళ్లే వయసు వాళ్లకి కడుపునొప్పి, పాఠం బుర్రకెక్కకపోవడం, చిన్నదానికే కొట్టడం, లేదంటే మరీ మంచిగా అయిపోవడం. ఈ చివరిది ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదేళ్లకే తమ్ముణ్ణి ఎత్తుకుని, నీళ్లు పట్టి, అమ్మ ఏడిస్తే టీ పెట్టిచ్చే పిల్లని చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అంటాం, ఆ పిల్ల ఆడుకోవట్లేదు అని చూడం. టీనేజ్ మగపిల్లలు కోపం, ఇంటికి రాకపోవడం, మత్తు. ఆడపిల్లలకైతే పెళ్లి చేసేయడం అనే ఇంకో ప్రమాదం, భద్రత కోసమే చేస్తున్నాం అనుకుంటారు తల్లిదండ్రులు.

ఇవన్నీ జబ్బు లక్షణాలు కావు. అసాధారణమైనదానికి మామూలు పిల్లలు మామూలుగా స్పందించడం ఇది, చాలామందికి తిండి, నిద్ర, బడి, అమ్మ కుదురుకుంటే వాటంతటవే తగ్గుతాయి. పక్క తడిపితే తిట్టకుండా బట్ట మార్చి పడుకోబెట్టమనండి, అంతే, పొద్దున్నే వాడకట్టంతా చెప్పకుండా ఉండటమే సగం మందు. నెలలు గడిచినా తగ్గకపోతే, ఇంకా ముదురుతుంటే అప్పుడు డాక్టర్.

ఆటలో కూడా కాల్చడం, తగలబెట్టడం, పారిపోవడమే ఆడుతున్నారు. ఆపాలా?

వద్దు. ఆట పిల్లల మాట. కాకపోతే చూస్తూ ఉండండి, ఆట ఎక్కడికైనా కదులుతోందా? ఇల్లు కాలింది, డాక్టర్ వచ్చాడు, కొత్త ఇల్లు కట్టారు, ఇలా కథ ముందుకి వెళ్తుంటే పిల్లాడు తనకి తానే వైద్యం చేసుకుంటున్నట్టు. అదే ముక్క, అదే మొహంతో, నవ్వూ ఏడుపూ లేకుండా వారాల తరబడి తిరుగుతుంటే ఇరుక్కుపోయాడని అర్థం. అప్పుడు మీరూ ఆటలో దూరండి, "మరి ఇప్పుడు అంబులెన్స్ వచ్చింది, నేను డ్రైవర్‌ని" అని ఒక కొత్త మనిషిని తీసుకురండి. పాఠం చెప్పకండి.

ఇక్కడే పుట్టిన పిల్లలకి కూడా ఇవన్నీ ఎందుకుంటాయి? దీపావళికి ఏం చేయాలి?

రెండూ ఒకటే ప్రశ్న, ఎలాగో చెప్తా. ఒక దీపావళి సాయంత్రం నేను అక్కడే ఉన్నా. రేకుల ఇల్లు, ఒకావిడ రొట్టెలకి పిండి కలుపుతోంది, ఇద్దరు పిల్లలు పక్కన ఫోన్ చూస్తున్నారు, ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్లే. మెయిన్ రోడ్డు వైపు ఎవరో వెయ్యివాలా అంటించారు. ఆవిడ లేచి ఇద్దర్నీ రెక్కలు పట్టి మంచం కిందకి తోసేసి తనూ దూరింది, ఒక్క సెకను కూడా పట్టలేదు. పిండి చేతులు. శబ్దం ఆగాక బయటికొచ్చి ఏమీ కానట్టు మళ్లీ పిండి దగ్గర కూర్చుంది, చిన్నదాని జుట్టుకి తడి పిండి అంటుకుని ఉంది, అది దాన్ని గోటితో తీసుకుంటూ "అమ్మా ఇంక రారా?" అని అడిగింది. ఎవరు రారో దానికి తెలియదు. రావడం అనేది ఒకటి ఉందని మాత్రం తెలుసు.

ఇలా వస్తుంది పిల్లలకి. ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి దీపావళికి వారం ముందే అమ్మలతో కూర్చుని మాట్లాడండి, ఏ రోజు, ఎన్నింటి నుంచి, ఎంతసేపు మోగుతాయో చెప్పండి. ఊహించని శబ్దం వేరు, తెలిసి వచ్చే శబ్దం వేరు. పగటిపూట ఒక చిచ్చుబుడ్డి, కాకరపువ్వొత్తులు పిల్లల చేతికిచ్చి ఇదీ సంగతి అని చూపించండి, కావాలంటేనే. ఆ రాత్రి నాలుగైదు కుటుంబాలు ఒకే ఇంట్లో కూర్చుంటే మంచిది, ఫోన్‌లో పాటలు గట్టిగా పెట్టుకుని. దడ వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి వదలడం (పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు), కాళ్లు నేలకి గట్టిగా ఆనించడం, చుట్టూ కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, ఇవి ముందుగానే ఆటలాగా నేర్పించి పెట్టండి. అమ్మకి నేర్పితే చాలు, అమ్మ పిల్లలకి నేర్పుతుంది. బోరింగులు వేసే లారీలు, పెళ్లి బ్యాండ్లు, ఖాకీ డ్రెస్సు చూసినా ఇంతే.

చంటిపిల్ల తల్లి, భయంతో పాలు ఇంకిపోయాయి అంటోంది. నిజమా?

క్యాంపుల్లో ఎక్కడైనా వినపడే మాట ఇది, మన పల్లెల్లో కూడా అంటారు. పాలు తయారవడం భయంతో ఆగిపోదు. భయం, దిగులు ఎక్కువగా ఉన్నప్పుడు పాలు చేపడం మాత్రం కాసేపు తగ్గుతుంది, రొమ్ములో ఉన్నా బయటికి రావు, బిడ్డ ఏడుస్తుంది, అది చూసి తల్లి ఇంకా కంగారుపడుతుంది. అప్పుడు ఎవరో దయగా పాలడబ్బా తెచ్చిస్తారు, బిడ్డ రొమ్ము తాగడం తగ్గిస్తుంది, అప్పుడు నిజంగానే పాలు తగ్గుతాయి. శుభ్రమైన నీళ్లు లేనిచోట సీసా పాలు అంటే విరేచనాలు పిలిచి తెచ్చుకోవడమే.

చేయాల్సింది: ఆవిడకి మరుగు ఉన్న చోటు, కూర్చోవడానికి ఆనుకోవడానికి ఏదైనా, తాగడానికి నీళ్లు, పెద్ద పిల్లల్ని గంటసేపు చూసే మనిషి. బిడ్డని ఒంటికి ఆనించుకుని మళ్లీ మళ్లీ పట్టించమనండి. ఎందుకైనా మంచిది, బిడ్డ బరువు అంగన్‌వాడీలో నెలనెలా చూపించండి. ఆ గంటసేపు నిశ్శబ్దంగా బిడ్డతో కూర్చోవడం తల్లికి కూడా మందే.

ఒకావిడ పొద్దస్తమానం పడుకునే ఉంటోంది, వండట్లేదు, పిల్లలు ఏడ్చినా పట్టించుకోవట్లేదు. సోమరితనమా?

కాదు. దయచేసి ఆ మాట మీ నోట రానీకండి, బస్తీలో వాళ్లు కూడా అంటారు, అప్పుడు మీరే ఆపాలి. యుద్ధం జరిగిన చోట్ల ఉన్న జనంలో దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్, ఆందోళన, ట్రామా లాంటి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్క వేసింది. మిగతా నలుగురూ ఆ స్థాయికి వెళ్లట్లేదు అనేది కూడా గుర్తుపెట్టుకోండి, అందర్నీ పేషెంట్లలాగా చూడకూడదు.

దీనికి పెద్ద డిగ్రీలున్నవాళ్లే కావాలని లేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో మన ఆశా వర్కర్లలాంటి ఆడవాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకి పంపారు. బిడ్డ గురించి మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టి తల్లి ఆలోచనల్ని మెల్లిగా మార్చే పద్ధతి. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో డిప్రెషన్ 23 శాతానికి తగ్గింది, మామూలుగా ఇంటికెళ్లి చూసి వచ్చిన ఊళ్లలో 53 శాతం అలాగే ఉంది. 2008లో వచ్చింది ఆ ఫలితం, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ పద్ధతిని తీసుకుంది. ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థి మహిళలకి అయితే రికార్డు చేసిన ఆడియో పెట్టి, బొమ్మల పుస్తకం ఇచ్చి, గుంపుగా అయిదు వారాలు కూర్చోబెడితే కూడా మనసుకి ఊరట కనిపించింది.

మన చేతిలో ఉన్నది ఏంటంటే చిన్న పని ఒకటి రోజూ ఒకే టైమ్‌కి. లేచి మొహం కడుక్కుని పిల్ల జడ వేయడం. అంతే, మొదటి వారం అదొక్కటే. జడ వేసేటప్పుడు పిల్లతో మాట్లాడమనండి. నేను చూసినంతలో జడ దగ్గర మొదలైనవాళ్లు పొయ్యి దగ్గరికి వచ్చారు, పొయ్యి దగ్గర్నుంచి చాప దగ్గరికి వచ్చారు. అందరూ కాదు.

తండ్రి చనిపోయాడు, లేదా ఆచూకీ లేదు. పిల్లలకి ఏం చెప్పాలి?

చనిపోతే చనిపోయాడనే చెప్పాలి, అమ్మే చెప్పాలి, మీరు పక్కన కూర్చోవచ్చు. "ఊరెళ్లాడు", "పడుకున్నాడు" అంటే పిల్లలు ఎదురుచూస్తారు, లేదా పడుకోవాలంటే భయపడతారు. చిన్నపిల్లలు తమ తప్పువల్లే నాన్న పోయాడనుకుంటారు, నీ తప్పేం లేదు అని వాళ్లు అడక్కపోయినా చెప్పాలి, పదిసార్లు చెప్పాలి.

ఆచూకీ లేకపోవడం ఇంకా కష్టం. పడవెక్కి మలేషియా వెళ్తానని వెళ్లి ఫోన్ రానివాళ్లు, జైల్లో ఉన్నాడో లేడో తెలియనివాళ్లు. దినాలు చేయలేరు, ఆశ వదలలేరు. "ఇంక రాడులే, ధైర్యం తెచ్చుకో" అని మనం తీర్పు చెప్పకూడదు. "నాన్న ఎక్కడున్నాడో మనకి తెలియదు, వెతుకుతున్నాం, ఈలోపు మనం ఇలా ఉందాం", ఇది నిజం, పిల్లలు నిజాన్ని మోయగలరు. రెడ్ క్రాస్ వాళ్లకి తప్పిపోయిన కుటుంబసభ్యుల్ని వెతికే విభాగం ఉంది, అక్కడ రాయించండి.

అత్యాచారం జరిగిందని ఎవరైనా చెప్తే?

నమ్మండి. ఎవరికీ చెప్పకండి, టీమ్ గ్రూపులో కూడా రాయకండి. ఈమధ్యే జరిగి ఉంటే ఆస్పత్రికి 72 గంటల్లోపు వెళ్తే హెచ్‌ఐవీ రాకుండా మందులు పనిచేస్తాయి, కాబట్టి తొందర ముఖ్యం, కానీ వెళ్లాలా వద్దా అనే నిర్ణయం ఆవిడదే. ఇలాంటి ఆడవాళ్లకి సాయం చేయడానికి సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు ఉన్నాయి, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే పోక్సో చట్టం ప్రకారం రిపోర్ట్ చేయడం తప్పనిసరి, ఆ సంగతి మాట తీసుకునే ముందే నిజాయితీగా చెప్పాలి, "ఎవరికీ చెప్పను" అని ఒట్టేసి తర్వాత చెప్పడం ఇంకో ద్రోహం. ఏళ్ల కిందట అక్కడ జరిగినదైతే తొందర లేదు. ఆవిడ చెప్పినంతే. ఆ కడుపున పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ ముందు గుసగుసలు ఆపించడమే మీరు చేయగలిగిన పెద్ద పని.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

చచ్చిపోవాలనుంది అన్నా, పిల్లల్ని తీసుకుని పోతా అన్నా అదే రోజు, ఒంటరిగా వదలకుండా. బెదిరింపులే అనుకోకండి. లేనివి వినపడటం, రోజుల తరబడి తిండి నిద్ర లేకపోవడం, బిడ్డని ముట్టుకోకపోవడం, పిల్లాడు తనని తాను కొట్టుకోవడం, మూర్ఛలా పడిపోవడం, ఇవన్నీ కూడా. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉర్దూలో కూడా. పిల్లలకి 1098. ఎర్రగడ్డ పేరు చెప్తే భయపడతారు, "పిచ్చాస్పత్రి" అనే ముద్ర వాళ్లకీ పాకింది, అందుకని మొదటిసారి మనిషి వెంట వెళ్లండి, లైన్‌లో నిలబడండి, చీటీ రాయించండి. నిద్ర మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి మీరు ఇవ్వకండి.

గుత్తికోయ కుటుంబాలకి కూడా ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది, కొన్ని తేడాలతో. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం (మావోయిస్టుల మీదకి ప్రభుత్వ అండతో దిగిన సాయుధ దళాలు) మొదలయ్యాక బీజాపూర్, దంతెవాడ, సుక్మా వైపు నుంచి వేలమంది ఆదివాసీలు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. ఇటు మావోయిస్టులు, అటు జుడుం, పోలీసులు, మధ్యలో వీళ్లు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులకి తుపాకులిచ్చి ఎస్పీవోలుగా (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా) వాడటం తప్పని తీర్పు చెప్పింది, కానీ వచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి వెళ్లలేదు. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవుల్లో ఉన్నారు. అక్కడ షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ ఆ సర్టిఫికెట్ రాదు. పోడు కొట్టారని అటవీశాఖ గుడిసెలు పీకేసిన సందర్భాలు చాలా, అంటే పిల్లలు ఇల్లు పోవడం రెండోసారి, మూడోసారి చూస్తున్నారు.

అక్కడ చాప వేసి కూర్చోబెట్టే పద్ధతి నడవదు, వాళ్లు పని చేస్తూ మాట్లాడతారు. విప్పపూలు ఏరేటప్పుడు, మిరప కోతలకి వెళ్లే ట్రాక్టర్‌లో, నీళ్లకి వాగుకి వెళ్లేటప్పుడు. మీరూ ఏరండి. భాష కోయ, కాబట్టి ఇక్కడి కోయ అక్కలనే వెంట తీసుకెళ్లండి. పండగలు, రేలపాటలు వాళ్ల దగ్గర ఇంకా బతికి ఉన్నాయి, మనసు కుదుటపడే పని సగం అవే చేస్తున్నాయి, మనం వెళ్లి వాటికి అడ్డం పడకుండా ఉంటే చాలు.

బొమ్మలు, బట్టలు తెస్తాం, ఫొటోలు తీసి పోస్ట్ చేస్తే ఇంకా డొనేషన్స్ వస్తాయి కదా?

ఫొటోలు వద్దు. పారిపోయొచ్చినవాళ్ల మొహం ఇంటర్నెట్‌లో ఉండటం వాళ్లకీ, అక్కడ మిగిలిపోయిన బంధువులకీ ప్రమాదం. ఏడుస్తున్న పిల్లల ఫొటో అయితే అసలు వద్దు, ఆ పిల్ల పెద్దయ్యాక చూసుకుంటుంది.

బొమ్మలు తేవచ్చు, కానీ ఒక్కసారి బస్తాడు తెచ్చి పంచడం కాదు. కాక్స్‌బజార్ క్యాంపుల్లో బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్ ఆటకేంద్రాలు పెట్టినప్పుడు బయటి పాటలు తేకుండా రోహింగ్యాల ఆటపాటలు, రంగులు, ముగ్గులే అక్కడ వాడారు, బస్తీ ఆడవాళ్లనే టీచర్లని చేశారు. 2020 డిసెంబర్‌లో పిల్లల కోసం నూర్, అజీజ్ అని ఆరేళ్ల రోహింగ్యా కవలల పపెట్ బొమ్మలు కూడా తయారయ్యాయి, పిల్లలకి తమలాంటి మొహం, తమ భాష తెర మీద కనపడటం ఎంత పెద్ద విషయమో. మన దగ్గర కూడా అమ్మల్ని అడగండి మీ చిన్నప్పుడు ఏం ఆడేవాళ్లు అని. యుద్ధం గురించి అడగకూడదు అన్నాను కదా, యుద్ధానికి ముందు రోజుల గురించి మాత్రం అడగండి. థనఖా చెక్కని (బర్మాలో గంధంలా మొహానికి రాసుకునేది) అరగదీసి బుగ్గలకి ఎలా రాసుకునేవాళ్లో చూపించడం మొదలుపెడితే ఆ మనిషి వేరే మనిషి.

నాకే నిద్ర పట్టట్లేదు ఈమధ్య. ఏం చేయాలి?

రెండు వారాలు ఆగండి. నిజంగా. మీ బదులు ఎవరు వెళ్తారో అమ్మలకి ముందే చెప్పి ఆగండి, చెప్పకుండా మాయమైతే వాళ్ల జీవితంలో మాయమైనవాళ్ల లిస్టులో మీరూ చేరతారు. విన్నది ఇంట్లో వివరంగా చెప్పుకోకండి, టీమ్‌లో పెద్దవాళ్లతో మాట్లాడండి. మీక్కూడా 14416 పనిచేస్తుంది.

మొదటి ఆదివారం మేం ఏం చేయాలి?

పదింటికి అని చెప్తే పదింటికే వెళ్లండి. చెప్పులు బయట విప్పండి, చాప వేయండి, అమ్మలు ఇచ్చే టీ తాగండి, వద్దనకండి. పిల్లల పేర్లు అడిగి సరిగ్గా పలకడం నేర్చుకోండి, చిన్న పుస్తకంలో రాసుకోండి. ఒక పాట వాళ్ల దగ్గర నేర్చుకోండి. పన్నెండింటికి లేస్తామని ముందే చెప్పి పన్నెండింటికే లేవండి. మళ్లీ ఎప్పుడొస్తారని పిల్లలు అడుగుతారు, ఖాయంగా రాగలిగే రోజే చెప్పండి. తర్వాతి ఆదివారం పదింటికి అదే చాప, అదే చోట వేసి, రాసుకున్న పేర్లతో ఒక్కొక్కర్నీ పిలవండి.